కట్టనని చెప్పగలవాడు

రేవులో బస్తా మోసే మనిషి బొమ్మ తెలుగు కథల్లో, సినిమాల్లో కావలసినంత ఉంది. ఎక్కించిన సరుకు సముద్రం మీద కదలకుండా కట్టేవాడి బొమ్మ మాత్రం ఎక్కడా కనబడదు. ఆ పనిని రేవులో లాషింగ్ అంటారు. సరుకెక్కడం అయిపోయి, కెప్టెన్ దగ్గర్నుంచి ఏజెంటు దాకా అందరూ ఓడ ఎప్పుడు కదులుతుందా అని గడియారం చూసుకునే వేళ ఈ పని జరుగుతుంది.

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. ఒకాయన విశాఖ రేవులో లాషింగ్ గ్యాంగులో చేరి, మేస్త్రీ అయి, మధ్యలో కొన్నాళ్లు కాకినాడ బార్జీల మీద కూడా తిరిగి, ఇప్పుడు వన్‌టౌన్‌లో ఇంటిపట్టునే ఉంటున్నాడు. రెండో ఆమె ఆయన మేనకోడలు. ఇంజనీరింగ్ చదివి, కంటెయినర్ టెర్మినల్లో ఏ పెట్టె ఓడలో ఎక్కడ కూర్చోవాలో ప్లాన్ వేస్తుంది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. వాళ్లు చెప్పే పనులూ ప్రమాదాలూ చట్టాలూ కల్పన కాదు. నేను ఎటు మొగ్గానో చదివేవాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది. కానీ ఆ అమ్మాయిని ఓడించడం నాకూ చేతకాలేదు.

మేనకోడలు: మావయ్యా, తెగేసి చెప్తున్నా. ఇంకో పదేళ్లకి లాషింగ్ కోసం డెక్కు మీదికి మనిషన్నవాడు ఎక్కకూడదు. రెండు వరసల పెట్టెల మధ్య ఇరుకు సందులో నిలబడాలి. నాలుగైదు మీటర్ల ఇనప రాడ్డు తల మీదికెత్తి, దాని కొస ఎక్కడో పైన పెట్టె మూల బెజ్జంలో దూర్చాలి. రాత్రి, వాన, కాళ్ల కింద గ్రీజు. ఇలాంటిది మనిషి చెయ్యాల్సిన పని కాదు.

మామ: మరి ఇన్నాళ్లూ నేను చేసిందేటమ్మా?

మేనకోడలు: నువ్వు చేసిందాన్ని తక్కువ చెయ్యట్లేదు. నీ కుడి చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. ఆ లెక్క ఏ రిజిస్టర్లో రాశారని అడుగుతున్నా.

మామ: చెయ్యి సంగతి తర్వాత. నీ లెక్కలో లాషింగ్ అంటే పెట్టెకి తాళం వెయ్యడం. నేను చేరినప్పుడు పెట్టెలు తక్కువ. బిల్లెట్లు, వైర్ రాడ్ చుట్టలు, మిషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. ఏ సరుకు తత్వం దానిది. ఇనుము మీద ఇనుము పెట్టేవనుకో, ఎన్ని వైర్లు కట్టినా అది జారడానికే చూస్తుంది. కింద చెక్క పడాలి. డన్నేజి వెయ్యకుండా కట్టినవాడు కట్టనట్టే.

మేనకోడలు: అది పుస్తకంలో ఉంది. సరుకు ఎలా పేర్చాలి, ఎలా కట్టాలి అని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, ఐఎంవో, 1991లో ఒక కోడ్ ఇచ్చింది. ఇనుము మీద ఇనుముకి ఘర్షణ 0.1. మధ్యలో చెక్క ఉంటే 0.3. అంటే మూడింతలు. నువ్వు చేత్తో తెలుసుకున్నదాన్ని వాళ్లు అంకెలో పెట్టారు.

మామ: సంతోషం. అదే పుస్తకం పాత వైరు గురించి ఏం చెప్పింది?

మేనకోడలు: ఒక్కసారికే వాడే కొత్త వైరైతే అది తెగే బలంలో 80 శాతం లెక్కలోకి తీసుకోవచ్చు. మళ్లీ మళ్లీ వాడే వైరైతే 30 శాతమే. గొలుసు, షాకిల్, టర్న్‌బకిల్‌కి 50.

మామ: అయితే లెక్క కట్టు. సరుకు 24 టన్నులు. వైరు 10 టన్నులకి తెగుతుంది.

మేనకోడలు: సులువు సూత్రం ఒకటుంది. ఓడకి ఒక్కో పక్కన ఉన్న కట్టుల బలం మొత్తం కలిపితే సరుకు బరువంత రావాలి. కొత్త వైరు ఒక్కోటి 8 టన్నులు, కాబట్టి పక్కకి మూడు చాలు. పాత వైరు మూడేసి టన్నులే, పక్కకి ఎనిమిది కావాలి. అదైనా షాకిలూ టర్న్‌బకిలూ వైరుకి తగ్గకుండా ఉంటేనే. మూడిట్లో ఏది నీరసమైనదో కట్టు బలం అంతే. ఇంకోటి, కట్టు మరీ నిటారుగా, 60 డిగ్రీలు దాటి ఉందంటే, సరుకు జారకుండా ఆపేదాని కింద దాన్ని లెక్కపెట్టకూడదు.

మామ: చూశావా. పుస్తకం పాత వైరుని నమ్మదు, కాంట్రాక్టరు నమ్ముతాడు. సామాను గదిలోంచి వచ్చేది పాత వైరు, కాయితం మీద లెక్క కొత్త వైరుది. పక్కకి మూడు కట్టేసి దిగిపొమ్మంటాడు. అది పాతదని ఎవరికి తెలుస్తుంది? తెగిన పోగు గ్లౌజులోంచి దిగబడ్డవాడికి.

మేనకోడలు: అయితే వైరుకి చీటీ కట్టాలి. ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు వాడారు. అరచేతిలో గుచ్చుకుంటే తెలుసుకోవడం ఒక పద్ధతా?

మామ: కట్టు, వద్దన్నానా? క్లిప్పులకి కూడా కడతావా? వైరు మడిచి కన్ను చేసి క్లిప్పులు బిగిస్తాం. యూ బోల్టు మడిచిన పొట్టి కొస మీద పడాలి, దిమ్మ బరువు మోసే వైరు మీద ఉండాలి. తిరగేసి వేశావో, మోసే వైరునే బోల్టు నలిపేస్తుంది. పై నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. చివర్లో సర్వేయరొచ్చి టార్చి వేసి క్లిప్పులున్నాయని రాసుకుని పోతాడు.

మేనకోడలు: సర్వేయర్లందరూ అలా ఉండరు. మీ వాళ్లందరూ నీలా ఉండరు. టర్న్‌బకిల్‌కి బారెడు పైపు తొడిగి ఇద్దరు కలిసి వేలాడతారు. ఎంత బిగిస్తే అంత గట్టి అనుకుంటారు. సముద్రం లాగకముందే రాడ్డు బలం కొంత ఆ బిగింపుకే ఖర్చయిపోతుంది. వద్దని తయారుచేసినవాళ్లు రాసి మరీ ఇస్తారు. మీ గ్యాంగుల్లో అదే మగతనం.

మామ: కుర్రాళ్లు చేస్తారు. నిజమే.

మేనకోడలు: కుర్రాళ్లకి నేర్పిందెవరు?

(దీనికి పెద్దాయన జవాబు చెప్పలేదు. చెప్పినట్టు రాద్దామని నేనూ కాసేపు చూశాను గాని కుదరలేదు.)

మామ: సరే, నీ లెక్క తీరిగ్గా కూర్చున్నప్పటిది. హుద్‌హుద్ లాంటి తుపాను వస్తోందనుకో. రేవు మీద ప్రమాద సూచిక నంబరు పెరుగుతుంది. ఓడల్ని బయట సముద్రంలోకి పంపేస్తారు. గట్టుకి కట్టుకుని ఉంటే గట్టునే గుద్దుకుని పగులుతాయి కాబట్టి. అప్పటికి సరుకు సగమే ఎక్కింది. ఓడ గోదాంలో ఒక పక్క నిండుగా, ఒక పక్క ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోకి జారకుండా ఉన్నదాన్ని కట్టి పంపాలి. నీ మాన్యువల్ నిండు ఓడకి రాసింది. సగం ఓడకి ఎవరు రాస్తారు?

మేనకోడలు: నేను రాస్తాను. నిజంగానే. ఏ గంటకి ఎంత సరుకు ఎక్కుతుందో నా దగ్గరుంది. మధ్యలో ఆపాల్సొస్తే ఎలా కట్టాలో ముందే వేసి పెట్టొచ్చు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం ఏం చేస్తుందో మనకేం కొత్త కాదు. వెయ్యకపోవడం మా తప్పు. దాన్ని మీ గొప్ప కింద ఎందుకు జమ కట్టుకుంటావు?

మామ: జమ కట్టలేదమ్మా. కాకినాడ సంగతి చెప్తాను విను. నీ ఓడ గట్టుకి ఆనుకుని నిలబడుతుంది. కాకినాడ యాంకరేజి రేవులో ఓడ గట్టుకి రాదు. హోప్ ఐలాండ్ చాటున లోతున్న చోట లంగరేసుకుంటుంది. బియ్యం లారీల్లో గట్టుకొస్తాయి. అక్కణ్ణుంచి బస్తాలు బార్జీలోకి దిగుతాయి. బార్జీ కాలువ దాటి ఓడ దగ్గరికి పోతుంది. ఓడ సొంత డెరిక్కులు స్లింగు దించి పైకి లాక్కుంటాయి. ఆఫ్రికా దేశాలకి మన బియ్యం ఎంతో అలాగే పోయింది. బస్తాలు పేర్చడంలో కట్టేదేటుందని అడుగుతారు. బస్తాని బస్తాతోనే కట్టాలి. ఒక వరస నిలువు, దాని మీద వరస అడ్డం. ఇటుక గోడలాగ కింద సందు మీద పైబస్తా నడుం పడాలి. దొంతులు దొంతులుగా పేర్చేవనుకో, బార్జీ ఒక్క ఊపు ఊగగానే దొంతి మొత్తం పక్కకి పడుతుంది. పడ్డవైపు బరువెక్కుతుంది, బరువెక్కినవైపు ఇంకా ఒరుగుతుంది. ఇక ఆగదు. పైన టార్పాలిన్, దాని మీద మోకు. టార్పాలిన్ కిందికి గాలి దూరితే మోకుతో సహా లేచిపోతుంది. తడిసిన బస్తాని ఓడవాడు ముట్టుకోడు.

మేనకోడలు: ఆ తర్వాత?

మామ: అసలు కథ ఆ తర్వాతే. బార్జీని ఓడ పక్కన కట్టాలి. ఓడ కదలదు, బార్జీయే కదులుతుంది అనుకుంటావు. రెండూ కదుల్తాయి, దేని దారి దానిది. మధ్యలో పాత టైర్లు వేలాడుతుంటాయి. మోకు బిగబట్టి కట్టేస్తే అలకి తెగుతుంది. వదులుగా వదిలేస్తే బార్జీ దూరం జరిగి, తిరిగొచ్చి గుద్దుతుంది. అందుకని ఒకడు మోకు దగ్గరే ఉండి, ఇస్తూ లాక్కుంటూ ఉండాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక వాడికి కన్నార్పే తీరిక ఉండదు. తెగే మోకు కన్నా తెగబోయే మోకు భయం. దాని గీతలో నిలబడకూడదు. ఇంక మనుషులు తాడు నిచ్చెన మీద ఓడెక్కాలి. బార్జీ అల మీద పైకి లేచినప్పుడే నిచ్చెన అందుకోవాలి. కిందికి పోతున్నప్పుడు అందుకున్నావో, మళ్లీ లేచే బార్జీ నీ కాళ్లని ఓడకేసి నొక్కేస్తుంది. ఇది నాకు చెప్పినవాడికి అక్షరమ్ముక్క రాదు.

మేనకోడలు: పైలట్ ఎక్కే నిచ్చెనకి నియమాలు పేజీలకి పేజీలున్నాయి మావయ్యా. మెట్టు వెడల్పెంత, మెట్టుకీ మెట్టుకీ దూరమెంత అన్నీ రాసి ఉంటాయి. అదే ఓడకి బియ్యం కూలీ ఎక్కుతుంటే ఏ నిచ్చెన వేలాడేశారో చూసేవాడు లేడు. ఆ అక్షరమ్ముక్క రాని మహానుభావుడు నీకు చెప్పాడు, నువ్వు బతికావు. ఆవేళ ఆయన పన్లోకి రాకపోయుంటే? ఒకళ్ల నోట్లో ఉన్న మాట మీద జట్టు మొత్తం బతకడం నాకు గొప్పగా అనిపించదు.

మామ: గొప్ప అన్లేదు.

మేనకోడలు: గొంతులో ఉంది. పోనీ ఆ పనైనా నిలకడగా ఉందా? 2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. ఏడాది దాటి, 2024 సెప్టెంబరు ఆఖర్లో గాని తెరవలేదు. ఉప్పుడు బియ్యాన్ని సుంకం వేసి వదిలారు కాబట్టి సరిపోయింది. ఢిల్లీలో ఒక ఉత్తర్వు వస్తే కాకినాడలో బార్జీ ఆగిపోతుంది. ఆ నెలల్లో మోకు పట్టి అలని చదివే నీ నేర్పరికి కూలెవరిచ్చారు?

మామ: ఎవరూ ఇవ్వలేదు. కాకినాడలో ఎప్పుడూ లేదు. విశాఖలో ఉండేది. నేను చెప్పాలనుకున్నది అదే. డాక్ లేబర్ బోర్డు. 1948 చట్టం కింద వచ్చింది, బొంబాయి, కలకత్తా, మద్రాసు తర్వాత మనకి. అంతకుముందు గేటు దగ్గర గుంపుగా నిలబడితే మేస్త్రీ వేలు చూపించినవాడికి పని. బోర్డు వచ్చాక పేరు రిజిస్టర్లోకెక్కింది. ఓడ లేని రోజు హాజరు వేయించుకుంటే ఎంతో కొంత చేతిలో పడేది. దీనికీ లాషింగ్‌కీ ఏటి సంబంధం అంటావు. రేపు పనుందని తెలిసినవాడు ఇవాళ ఈ వైరుతో కట్టను అనగలడు. కాంట్రాక్టరు ఫోను చేస్తేనే రేపు పని ఉన్నవాడు అనలేడు. నా వాదన ఇంతే. నేర్పూ గీర్పూ అన్నీ నువ్వే నా నోట్లో పెట్టావు.

మేనకోడలు: ఆ బోర్డు గురించి నేనూ విన్నాను. సగం మంది చాలిన చోట నిండు గ్యాంగు. స్పీడ్ మనీ చేతిలో పడితే గాని విన్చి కదలదు. తండ్రి పోతే కొడుకు పేరు. కట్టను అనే హక్కు వైరు కోసం ఎన్నిసార్లు వాడారు, మామూలు కోసం ఎన్నిసార్లు వాడారు?

మామ: రెండిటికీ వాడారు.

మేనకోడలు: ఒక్క ఆడమనిషి పేరుందా మీ లాషింగ్ గ్యాంగు పట్టీలో? లేదు. నీ స్వర్గానికి నాకు గేటు పాసు లేదు మావయ్యా. నేను రేవులో అడుగుపెట్టింది పెట్టెలొచ్చి, కంప్యూటర్లొచ్చాక.

మామ: లేదు. ఒప్పుకున్నాను. కానీ లంచం తినే జడ్జి ఉన్నాడని కోర్టు మూసేస్తారా? మామూలు తినేవాణ్ణి పట్టుకోండి. కట్టను అనేవాడి నోరు మూస్తే ఎలాగ? మా తాత రంగం పోయాడు. రంగూను రేవులో కూలీలు చాలామంది మన తెలుగువాళ్లే. మేస్త్రీ ఊళ్లోకొచ్చి అప్పిచ్చి ఓడెక్కించేవాడు. కంపెనీకి కూలీ ఎవడో తెలీదు, మేస్త్రీయే తెలుసు. 1930 మే నెలలో కూలి పెంచమని మనవాళ్లు పని మానేశారు. కంపెనీలు బర్మావాళ్లని దించాయి. తీరా రాజీ కుదిరాక మనవాళ్లని రమ్మని, ఆ బర్మావాళ్లని పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వంద మందికి పైగా పోయారు, ఎక్కువ మంది మనవాళ్లే. చెయ్యనన్నవాడి పక్కన ఆకలితో ఉన్న ఇంకొకణ్ణి తెచ్చి నిలబెట్టడం. ఇప్పుడు కాంట్రాక్టరు చేసేదీ అదే, నెత్తురు లేకుండా.

మేనకోడలు: ఆ కథలో మేస్త్రీ ఎవరి పక్షం? బాకీ పుస్తకం అతని దగ్గర, కూలి అతని చేతి మీదుగా. అందుకే నాకు నోటిమాట అంటే భయం. వైరు ఏది, కూలి ఎంత, గంటలెన్ని, ఏదీ కాయితం మీద లేనప్పుడు మధ్యలో ఉన్నవాడిదే రాజ్యం. నువ్వూ మేస్త్రీవే.

మామ: నేనూ మేస్త్రీనే.

(ఇక్కడ ఇద్దరూ టీ తాగారని రాయొచ్చు. తాగలేదు. ఆ అమ్మాయి కోపంగా ఉంది.)

మేనకోడలు: అసలు మీ బోర్డుని చంపింది ఏ మంత్రీ కాదు, పెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో న్యూవర్క్ రేవు నుంచి ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో హూస్టన్ బయల్దేరింది. విడి సరుకు చేత్తో ఎక్కించడానికి అప్పట్లో టన్నుకి 5.86 డాలర్లయ్యేది. ఆ ఓడకి 16 సెంట్లలోపే అయింది. ఆ తేడా ముందు ప్రపంచంలో ఏ రేవు యూనియనూ పాత లెక్కతో నిలబడలేకపోయింది. మన ఔటర్ హార్బర్లో కంటెయినర్ టెర్మినల్ 2003లో వచ్చింది. ఇప్పుడు పెట్టె మూల కింద ట్విస్ట్ లాక్ ఉంటుంది. ఒక రకం తాళం పెట్టె కూర్చోగానే తనే పడుతుంది, తీయడానికే మనిషి కావాలి. పూర్తి ఆటోమేటిక్ రకానికి అదీ అక్కర్లేదు. క్రేను ఎత్తితే తనే వదుల్తుంది.

మామ: క్రేను ఎత్తితే వదిలేది, అల ఎత్తితే వదలదా?

మేనకోడలు: ఆ అనుమానం నీకొక్కడికే రాలేదు. 2006 ప్రాంతంలో ఆ తాళాలున్న ఓడల నుంచి కొన్ని చోట్ల పెట్టెలు పడ్డాయి. విచారణలు జరిగాయి, నమూనాలు సరిచేశారు. నేను చెప్పేదీ అదే. తాళంలో తప్పుంటే తాళాన్ని మార్చొచ్చు. మనిషిలో తప్పుంటే?

మామ: మనిషి అలిసిపోతే గంటలు తగ్గించొచ్చు. దాన్ని మాత్రం ఎవడూ మార్చడు.

మేనకోడలు: కొన్నిటికి తాళమూ చాలదు, నువ్వూ చాలవు. 1998 అక్టోబరులో ఉత్తర పసిఫిక్‌లో ఏపీఎల్ చైనా అనే ఓడ ముందు నుంచి వచ్చే అలల లయకి చిక్కి, అటూ ఇటూ 35 డిగ్రీలు దాటి ఊగింది. నాలుగు వందల దాకా పెట్టెలు నీళ్లలో పడ్డాయి. రాడ్లూ తాళాలూ అంత ఊపుకి లెక్కేసినవి కావు. 2020 నవంబరు 30న వన్ ఏపస్ నుంచి 1,816 పెట్టెలు పోయాయి. అక్కడ ఎవరు బిగించారు, ఎంత బిగించారు అని అడిగి లాభం లేదు. దారి మార్చాలి, వేగం మార్చాలి.

మామ: అది కెప్టెన్ పని. మరి కట్టు నిలబడ్డ కథ ఒక్కటీ లేదా నీ దగ్గర?

మేనకోడలు: ఉంది. 2006 జులైలో కూగర్ ఏస్ అనే కార్ల ఓడ అలాస్కా దగ్గర బ్యాలస్టు నీళ్లు మారుస్తుండగా ఒక పక్కకి 60 డిగ్రీలు ఒరిగిపోయింది. లోపల 4,703 మాజ్డా కార్లు. కొన్ని వారాలు ఓడ అలాగే పడుకుని ఉంది. కార్లు దాదాపు అన్నీ పట్టీలకి వేలాడుతూ కట్టిన చోటే ఉన్నాయి.

మామ: కట్టినవాళ్లెవరు?

మేనకోడలు: ఎవరూ రాయలేదు. కంపెనీ కార్లన్నిట్నీ తుక్కు చేసేసింది, అది మాత్రం పేపర్లన్నిట్లో వచ్చింది.

మామ: కొరియా ఓడ సంగతి చెప్పు. ఆ పిల్లలది.

మేనకోడలు: సెవోల్. 2014 ఏప్రిల్ 16. 304 మంది, ఎక్కువ మంది హైస్కూలు పిల్లలు. 987 టన్నులు పట్టాల్సిన ఓడలో 2,142 టన్నుల సరుకెక్కించారు. ఆ బరువుకి ఓడ మరీ కిందికి దిగినట్టు కనబడకుండా బ్యాలస్టు నీళ్లు తీసేశారు. పెట్టెల్ని సరైన తాళాల్లేకుండా తాళ్లతో చుట్టారు. ఒక మలుపులో ఒరిగింది. కట్టని సరుకు ఒకవైపుకి పోయింది. మళ్లీ లేవలేదు. తనిఖీ చెయ్యాల్సినవాళ్లు చూడకుండానే సరే అన్నారు. నీ సర్వేయరు టార్చి వేస్తాడన్నావు, అక్కడ టార్చీ కూడా వెయ్యలేదు.

మామ: ఆ తాడు చుట్టినవాడికి తెలీదంటావా, అది ఆగదని?

మేనకోడలు: తెలిసే ఉంటుంది.

మామ: తెలిసి ఎందుకు చుట్టాడు?

మేనకోడలు: ...

మామ: చట్టం లేకనా? పుస్తకం లేకనా? నువ్వు చెప్పిన కోడ్ వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

మేనకోడలు: సరే. మనకీ అప్పటికే చట్టం వచ్చింది. 1986లో డాక్ కార్మికుల భద్రతకి చట్టం, 1990లో నిబంధనలు. ప్రమాదం అనిపిస్తే ఇన్‌స్పెక్టరు పని ఆపించొచ్చని అందులో రాశారు.

మామ: ఇన్‌స్పెక్టరు. రాత్రి రెండింటికి, పెట్టెల సందులో, టర్న్‌బకిల్ మర చచ్చిపోయి తిరగనప్పుడు ఇన్‌స్పెక్టరెక్కడున్నాడు? అక్కడున్నది ఇరవై రెండేళ్ల కుర్రాడు. వాడికి నీ యాప్‌లో పేరుందో లేదో నాకు తెలీదు.

మేనకోడలు: ఉంది. నంబరుంది.

మామ: నంబరుకి నోరుంటుందా?

(పెద్దాయన ఇక్కడ కాస్త నాటకమాడుతున్నాడు. అయినా ప్రశ్న ప్రశ్నే.)

మేనకోడలు: చూడు, నేను మొదట చెప్పిందాన్ని వెనక్కి తీసుకోవట్లేదు. మనుషుల్ని అక్కణ్ణుంచి దించాలి. 2015 నుంచి కట్టే కంటెయినర్ ఓడల్లో లాషింగ్ చేసేవాడు నిలబడ్డానికి సరైన చోటు, కటకటాలు, దీపాలు ఉండాలని ఆ ఐఎంవో కోడ్‌లోనే కొత్త అనుబంధం చేర్చారు. అంతకుముందు ఓడ గీసినవాళ్లకి మీరున్నారని కూడా గుర్తులేదు. అలాగే ఒక్కొక్కటీ మారాలి. కానీ ఆ లోపల... నా ప్లాన్ షీట్లో ఒక గడి పెట్టించగలను. లాషింగ్ ఆపిన కారణం అని. గ్యాంగులో ఎవరైనా నింపొచ్చు. నింపితే దాన్ని తేల్చకుండా ఓడ కదలకూడదు.

మామ: సంతకం ఎవరిది?

మేనకోడలు: ఆపినవాళ్లది.

మామ: ఆపనప్పుడు?

మేనకోడలు: బాగుంది, కట్టాం అని వాళ్లే పెట్టాలి.

మామ: అదిగో. రేపు నడిసముద్రంలో పెట్టె పడితే ఆ కాయితం తీస్తారు. కట్టాడు, బాగుందన్నాడు, సంతకం పెట్టాడు. కేసు వాడి మీద.

మేనకోడలు: సెవోల్‌లో సరుకు కట్టించిన కంపెనీ వాళ్ల మీదా కేసులు పెట్టారు. నిజమే. సంతకం అడిగితే సగం మంది పెట్టరు. పెట్టినవాళ్లు చదవకుండా పెడతారు.

మామ: అయితే రెండు సంతకాలు అడుగు. కట్టినవాడిది ఒకటి, సామాను ఇచ్చినవాడిది ఒకటి. ఏ వైరు, ఎన్నాళ్లది, ఎన్ని రాడ్లు వంకర తిరిగాయి, ఎన్ని టర్న్‌బకిళ్లకి మర పట్టదు, అన్నీ రాసి ఇవ్వమను.

మేనకోడలు: సామాను ఓడది కూడా అవుతుంది. రాడ్లు ఓడవే. కెప్టెన్ పెట్టడు.

మామ: పెట్టకపోతే ఆ గడి నింపమను కుర్రాణ్ణి.

మేనకోడలు: ఓడ గంట ఆలస్యమైతే ఎంతవుతుందో తెలుసా? నా మీదికే వస్తారు ముందు.

మామ: వస్తారు. నువ్వు పర్మనెంటువి కదా.

మేనకోడలు: అంటే?

మామ: నిన్ను రేపు రావద్దనలేరు. అందుకని ఆ గడి నువ్వు పెట్టగలవు. నా రిజిస్టరు ఎందుకని ఇందాకట్నుంచి అడుగుతున్నావుగా.

మేనకోడలు: (కాసేపాగి) గడి పెడతాను. నెల్లాళ్లు చూస్తాను. అన్ని ఓడలకీ ఖాళీగా వస్తే?

మామ: వస్తుంది.

మేనకోడలు: ఖాళీగా ఉందంటే అంతా బాగుందనా, ఎవరూ నోరు విప్పలేదనా? ఆ రెండూ షీట్లో ఒకలాగే కనబడతాయి.

మామ: రాత్రి షిఫ్టు వాళ్లని అడుగు. మేస్త్రీ లేనప్పుడు అడుగు.